బయటి గొళ్ళెం

మా రికార్డింగ్ గదికి బయటినుంచి గొళ్ళెం పెట్టే ఏకైక అధికారి, మా ఇంటి ఓనరు అంకుల్, మొన్న మంగళవారం పొద్దున గుండె ఆగి పోయారు. ఆయన తలుపు తీయందే మేమెక్కడికీ కదలలేకపోయేవాళ్ళం. ఆయన మాత్రం చెప్పకుండా వెళ్ళిపోయారు.

పాఠకులు కంగారుపడవద్దు, మేం ఖైదీలం కాము. సివిల్స్ కోచింగ్‌కని ఢిల్లీలోని జియా సరాయ్ వచ్చి, అంతరిక్షంలో తేలుతున్నట్టుండే రాక్ సంగీతానికి బ్యాండు పెట్టుకున్న నలుగురం. మొదటి ఆల్బమ్‌కి స్టూడియో, అంకుల్ మేడమీది సామాన్ల గది. కిటికీ లేదు. గోడలకి పాత పరుపులు కట్టాం. చప్పుడు మైకులో పడుతుందని ఫ్యాను వెయ్యం, ఫోన్లు బయట బకెట్లో పెడతాం. లోపలి గడియ ఎప్పుడో ఊడింది. తలుపు మూసుకోవాలంటే బయట ఒక మనిషి ఉండాలి.

ఉద్యోగానికని వచ్చి ఇక్కడే స్థిరపడి రిటైరైన మన తెలుగాయన అంకుల్ ఆ కొలువులో చేరి, స్టూలేసుకుని కూర్చునేవారు. "అంకుల్‌జీ, యే శోర్ క్యా హై?" అంటూ పక్కింటి దీదీ ఆ గోలేమిటని అడిగితే, "రాకెట్ బన్ రహా హై, బేటీ" అంటూ రాకెట్ తయారవుతోందనేవారు.

"ఉడికిపోతున్నాం అంకుల్, తియ్యండి!"

"చంద్రుడి మీదికి పోయేవాడు మధ్యలో దిగుతానంటాడ్రా? కూర్చో."

ఒకరోజు గొళ్ళెం పెట్టి, ఆ సంగతే మరిచి, అశోకా రోడ్‌లోని తెలుగు క్యాంటీన్‌కి భోజనానికి వెళ్ళిపోయారు. మేం తలుపు బాదాం, అరిచాం. పరుపులు మరీ శ్రద్ధగా కట్టాం కదా, ఎవరికీ వినపడలేదు. తప్పిన ప్రిలిమ్స్, ఇంట్లో చెప్పిన అబద్ధాలు, దాటిపోతున్న వయసు అన్నీ మాతోపాటే లోపల కూర్చున్నట్టనిపించింది. నాకు ఊపిరాడలేదు. అరిచి అరిచి అలిసిపోయాక మా డ్రమ్మరు మెల్లగా దరువు మొదలెట్టాడు. తక్కినవాళ్ళం అందుకున్నాం. రికార్డింగ్ నడుస్తూనే ఉంది. మా ఆల్బమ్ మొత్తంలో నిజంగా బాగున్నది ఆ ఒక్కటే. చివర్లో గొళ్ళెం గలగల, వెనకే అంకుల్ గొంతు: "ఒరే, బతికే ఉన్నారా?" చేతిలో నాలుగు మీల్స్ పార్సిళ్ళు.

తర్వాత అది విని ఒక్కటే కోరారు. "ఆ చివర నా గొళ్ళెం ఉంచండ్రా. నేనూ వాయించినట్టుంటుంది."

"తప్పకుండా అంకుల్" అన్నాను. ఆ వారమే కత్తిరించేశాను. ప్రొఫెషనల్‌గా ఉండాలి కదా! ఆయన మెట్ల మీద కనిపించి "నా గొళ్ళెం ఉందిగా?" అన్నప్పుడల్లా ఉందనే చెప్పాను.

శ్మశానం నుంచి వచ్చి, స్నానాలు చేసి, నలుగురం మేడెక్కాం. ల్యాప్‌టాప్‌లో చోటు చాలక నేను పాతవన్నీ చెరిపేస్తుంటాను. అసలు రికార్డింగూ అందులో పోయిందనే భయపడ్డాను. డ్రమ్మరు తన డిస్కులో దాచుకున్నాడు. ఆల్బమ్ అలాగే, గొళ్ళెంతోనే వస్తుంది. వాయించినవారి పేర్లలో అయిదోది ఆయనది.

మొదటినుంచీ పెట్టుకుని విన్నాం. ఇప్పుడు గొళ్ళెం పెట్టేవారు లేక తలుపు బార్లా తెరిచే ఉంది. పావురాల గోల, ఎవరిదో ప్రెషర్ కుక్కరు కూత లోపలికి వస్తున్నాయి. పాట ఆగింది. గొళ్ళెం గలగలమంది.

"ఒరే, బతికే ఉన్నారా?"

నలుగురం తెరిచి ఉన్న తలుపు వైపు చూశాం. ఎవరమూ లేవలేదు.