కోమలమ్మ గారి కారులో వాన

వానకు తడిసిన కొబ్బరిపీచు చాపకు ఒక వాసన ఉంటుంది. అద్దాలన్నీ ఎత్తేసిన కారులో అది మరీ చిక్కబడుతుంది. నిన్న సాయంత్రం రాయపురంలో నా టాక్సీ ఎక్కిన ఒక పెద్దమనిషి, నీళ్లు కారే గొడుగును కాళ్ల దగ్గర చాప మీద పెట్టి, కాసేపటికి, "ఏమప్పా, ఇందాకటి దాకా నోరు మూయలేదే, మళ్లా వాన పడంగానే గమ్మునైపోతివి?" అన్నాడు. నేను హార్బరులో తిమింగలం మెడకు తాడు కట్టి ఒడ్డుకు లాగిన కథ ఆయనకు సగం చెప్పి ఉన్నాను. మిగతా సగం చెప్పలేకపోయాను. ఆ వాసన తగిలిందంటే నేను టాక్సీలో ఉండను. వాషర్‌మెన్‌పేటలో ఒక పప్పుల వ్యాపారి ఇంటి వెనక, షెడ్డులో, నల్లకారు పక్కన చెంబు పట్టుకుని నిలబడి ఉంటాను. కారు లోపల కోమలమ్మ గారు కూర్చుని ఉంటారు.

యాభైల నాటి మాట. నాకప్పుడే మీసం కుదురుకుంది. తొండియార్‌పేటలో ఒక గది, పలకరించడానికి ఆ గది గోడలు. ఆ ఇంట్లో డ్రైవరుగా చేరేనాటికి కోమలమ్మ గారి భర్త గోడ మీద దండ వేసిన ఫోటో అయిపోయారు. దొరల సీమ నుంచి ఓడలో దిగిన ఆ పాత కారు ఆయన ముచ్చటపడి కొన్నది. వ్యాపారమూ, ఇల్లూ, కారూ ఆయన తమ్ముడు చెంగయ్య గారి చేతికి వచ్చాయి. వానాకాలంలో ఆ కారు లోపల చెరువే. క్లచ్ కింద ఒక కొర్రమీను కాపురం ఉంటోందనీ, గేరు మార్చినప్పుడల్లా తోకతో నా పాదం తట్టి పలకరిస్తుందనీ నేను వీధంతా చెప్పాను. పిల్లలు వరసకట్టి వచ్చి, వంగి చూసిపోయేవాళ్లు. చేప అబద్ధం గానీ నీళ్లు నిజం.

చెంగయ్య గారు పిలిపించిన మెకానిక్ ఒకడు కనిపించిన సందుకల్లా తారు పూశాడు. కారు నడినెత్తిన వెనక్కి జరిపే రేకుమూత ఒకటి ఉండేది, తోస్తే ఆకాశం కనిపించేది. దాని చుట్టూ కూడా తారు పూసి సమాధి కట్టాడు. మూసేకొద్దీ నీళ్లు ఎక్కువయ్యాయి. చివరికి చెంగయ్య గారు షెడ్డులో నిలబడి తేల్చేశారు.

"ఈ తూరి వానకి సీటు తడిసిందా, అమ్మి పారేస్తా వదినా. ఇంట్లో బురదగుంట పెట్టుకునేది నావల్ల కాదు."

"తడవకపోతే?"

"తడవకపోతే ఉంటాది. నేనేమన్నా దానికి శత్రువునా?"

ఆమె "సరి" అని లోపలికి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం నేను షెడ్డులోకి వెళ్తే కారు వెనక సీటులో తలుపులన్నీ వేసుకుని ఒక్కరే కూర్చుని ఉన్నారు. బయలుదేరమంటారేమోనని పరుగున వెళ్లి, "యాడికమ్మా?" అన్నాను. అద్దం కొంచెం దించి, "యాడికీ లేదు. పోయి అన్నం తిను" అన్నారు. నేను కదలకపోయేసరికి ఇంకో మాట అన్నారు. "ఇంతమంది ఉండే ఇంట్లో నేను తలుపేసుకునేదానికి గది ఇదొకటే రత్నం. దీన్ని అమ్మేస్తే నన్ను యాడ కూర్చోమంటావు?"

అన్నానికి పోయాను. ఆ పూట పిల్లలు అడిగినా చేప కథ చెప్పలేదు.

మర్నాడు ఆమె ముగ్గుపిండి పళ్లెంతో వచ్చారు. చాపలు తీయించి, లోపలి నేల మీద, తలుపుల అంచుల వెంట, సీటు మూలల్లో సన్నగా చల్లారు. భర్త పోయాక ఆ ఇంటి ముంగిట ముగ్గు తోడికోడలిది. అయినా ఆమె వేళ్ల సందు నుంచి పిండి దారంలా తెగకుండా జారింది. తర్వాత నా చేతికి నీళ్ల చెంబిచ్చి, లోపల కూర్చుని తలుపు వేసుకుని అద్దం సందులోంచి చెప్పారు.

"తలంటు పోసినట్టు నెత్తిన గుమ్మరించబాక. కింద నించి రా. చక్రాల కాడ పొయ్యి, ఆగు. ఆమాటున తలుపు. దానెనక అద్దం. నేను చెప్పిందాకా పైకి పోబాక. ముఖ్యంగా నోరు తెరవబాక."

"నా నోటికీ నీళ్లకీ ఏం సంబంధమమ్మా?"

"నువ్వు కూస్తా ఉంటే బొట్టు పడేది నాకెట్టా ఇనపడతాది?"

పోశాను. ఆగాను. ఆ ఆగడంలో నా ఊపిరి నాకే వినిపించి భయమేసింది. అంతలో చెంగయ్య గారు గుమ్మంలోకి వచ్చి, "ఏం చోద్యం వదినా ఇది! నలుగురు చూస్తే కారుకి సీమంతం చేస్తుండారంటారు" అన్నారు. "నీకు పేరంటం చెప్పలేదులే చెంగయ్యా, పో" అని లోపలి నుంచి జవాబు వచ్చింది. ఆయన నవ్వాపుకుంటూ వెళ్లిపోయారు.

చక్రాల దగ్గర పోసినప్పుడు పిండి పొడిగానే ఉంది. తలుపుల మీద పోసినా, ముందు అద్దం మీద పోసినా అంతే. దొంగ ఇదేనని మెకానిక్ తేల్చింది ఆ అద్దాన్నే. చివరికి పైకప్పు మీద పోశాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఆమె లోపలి నుంచి వేలితో అద్దం మీద కొట్టారు. వంగి చూస్తే, నేను నీళ్లు పోసిన చోటికి ఎంతో దూరంలో, వెనక తలుపు పక్కన పైకప్పును మోసే కంబం మొదట్లో పిండి ముద్దయి ఉంది.

"కనబడేది ఈడ. దిగేది యాడనో చూడాల" అన్నారామె.

కంబానికి కుట్టిన గుడ్డ విప్పితే లోపల సన్నటి గొట్టం. రేకుమూత చుట్టూ చిన్న కాలువ, ఆ కాలువ మూల నుంచి కిందికి గొట్టం, అవతలి పక్కా అలాంటిదే. ఆ కారు చేసినవాడు వాననీటిని రావద్దనలేదు, వచ్చిన నీటికి పోయే దారి పెట్టాడు. మా మెకానిక్ కారు అడుగున గొట్టం మూతి చూసి, రోడ్డు నీళ్లు అందులోంచే ఎక్కుతున్నాయని దానికీ తారు పెట్టాడు. పైన పూసిన తారేమో ఎండకు బీటలు వారింది. దిగిన నీళ్లు దారిలేక గొట్టం అతుకులోంచి లోపలికి ఉబికేవి. పైనా కిందా తారు గీకేశాను. అయినా నీళ్లు కదల్లేదు. తీగ కొస వంచి పై నుంచి దించి లాగితే, నల్లగా, పీచుగా ఏదో చుట్టుకుని వచ్చింది.

"అమ్మా, ఎలక తోక! దీనెనకనే ఎలక కూడా వస్తాది, జరగండి" అన్నాను.

ఆమె నవ్వలేదు. దాన్ని అరచేతిలో వేసుకుని చెంబులో నీళ్లతో కడిగారు. అరటినార. నారకు ఇంకా ముడులు ఉన్నాయి, పూలు కట్టిన ముడులు.

"మల్లెపూలా అమ్మా?"

"కాదు, కనకాంబరాలు. మల్లెలు పెట్టుకుంటే నాకు తలనొప్పి. ఆయనకి తెలుసు." ఆ నారతోనే మాట్లాడుతున్నట్టు అన్నారు. "రాయపురం సముద్రం కాడ ఆ మూత తీసేవారు. లేచి నిలబడు, గాలి తగుల్తాది అనేవారు. ఎవురన్నా చూస్తారు అంటే, సముద్రం తప్ప ఎవురుండారు అనేవారు. గాలికి పూలన్నీ రాలిపొయ్యేటివి. పొయ్యినాయనే అనుకున్నా."

నార కొంగున ముడి వేసుకుని మళ్లీ కారెక్కి తలుపు వేసుకున్నారు. "పొయ్యి" అన్నారు. పోశాను. ఈసారి నీళ్లు గొట్టంలోంచి గలగలమని జారి కారు కింద షెడ్డు నేల మీద పడ్డాయి. బావి అడుగంటే దాకా పోశానని తర్వాత చాలామందికి చెప్పాను. అంత పోయలేదు. ఆమె చాలనలేదు, అంతే.

దీపావళి నాటి ఐప్పసి వానలు దిగాయి. చెంగయ్య గారు సీటు తడిమారు, చాప ఎత్తి చూశారు, వేలికి అంటిన ముగ్గుపిండిని పంచెకు తుడుచుకున్నారు. "ఉండనీ వదినా" అని వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమే కోమలమ్మ గారు సముద్రం దగ్గరికి పోనిమ్మన్నారు. గట్టు పక్కన ఆపి ఇంజను ఆపేశాను. ఒడ్డున మనిషి లేడు. వాన తెరలు తెరలుగా పడుతోంది. కంబాల లోపల నీళ్లు దిగుతున్న చప్పుడు మాకు రెండు పక్కలా వినిపిస్తోంది. మూత తీయమని ఆమె అడగలేదు.

"నీకెవురుండారు రత్నం?" అన్నారు వెనక నుంచి.

"మేనమామలే ఏడుగురమ్మా! రంగూన్‌లో ఏనుగుల వ్యాపారం..." అని అందుకున్నాను. ఆమె ఊఁ అనలేదు, నవ్వలేదు, నమ్మనని కూడా అనలేదు. ఆ రోజు ముగ్గుపిండి చల్లి కూర్చుని విన్నట్టే వింటున్నారు. అలా వినేవాళ్ల ముందు కథ నిలబడదు. ఒక మేనమామను ఓడలో ముంచాను, ఒకణ్ణి ఏనుగుతో తొక్కించాను, మిగిలినవాళ్లను ఏం చేయాలో తెలియలేదు. నీళ్లు మాత్రం దిగుతూనే ఉన్నాయి.

"ఎవురూ లేరమ్మా" అన్నాను.

"ఊఁ" అన్నారు. ఆ తర్వాత, "ఇంకొంచేపు ఈడనే ఉందాం" అన్నారు.

కొన్ని వానాకాలాలు అలా వెళ్లాం. వాన చుక్క లేని ఒక ఎండాకాలంలో ఆమె పోయారు. లోపల పొడిగా ఉన్న కారు కాబట్టి తొందరగానే అమ్ముడుపోయింది. నా టాక్సీకి నెత్తిన మూత లేదు, కంబాల్లో గొట్టాలు లేవు. అయినా వానలకు ముందు తలుపుల అడుగున ఉండే చిన్న బెజ్జాల్లో తీగ ఆడిస్తాను. వాన పడ్డప్పుడు నోరు మూసుకుంటాను.

నిన్నటి పెద్దమనిషికి ఇదంతా చెప్పలేదు. అద్దం మీద వాన కొడుతోంది. ఆయన కూడా మాట ఆపేశాడు. కాసేపటికి, నేను అడక్కుండానే, "ఇంటికి పోయేదానికి తొందరేమీ లేదులేప్పా. ఇప్పుడు నేనొక్కణ్ణే ఆడ" అన్నాడు.

ఊఁ అన్నాను. బండి పక్కకు తీసి ఆపి, ఇంజను కట్టేశాను. తిమింగలం ఏమైందని ఆయన మళ్లీ అడగలేదు.