బర్రెల పక్కన మోతీ నడక

నా చిన్నప్పుడు గౌలిపురలో మా గల్లీకంతటికీ చెడ్డపేరు తెచ్చిన ఘనత మా మోతీది. ఏడాది కూడా నిండని కుక్కపిల్ల. ఇంట్లో ఉన్నంతసేపు నా వెనకాలే తిరిగేది. గడప దాటిందా, సైకిలు కనబడినా, మనిషి కనబడినా ఎగిరెగిరి మొరిగేది. బర్రెలంటే మరీ.

ఒక సోమవారం పొద్దున పక్కింటి పాల తాత బర్రెలను విప్పుతుంటే, మోతీ నా చేతిలోంచి తాడు విడిపించుకుని వాటి కాళ్ళ మధ్యకు దూరింది. ఒక బర్రె బెదిరి పాల బిందెను తన్నింది. పొద్దుటి పాలన్నీ మురుగు మోరీ పాలయ్యాయి. మా నాన్న సిగ్గుతో తల దించుకున్నాడు. ఆదివారం నాడు మోతీని పురానాపూల్ వంతెన అవతల వదిలేసి వస్తానన్నాడు. ఆయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

దాన్ని నేనే దారికి తేవాలనుకున్నాను. నాకు తెలిసిన విద్య ఒకటే. బర్రె కనబడగానే తాడును రెండు చేతులకూ చుట్టుకుని బలంకొద్దీ గుంజడం, వీపు మీద ఒకటి వెయ్యడం. అది ఇంకా రెచ్చిపోయేది. పాలు పోగొట్టుకున్న తాతే అరుగు మీది నుంచి ఇదంతా చూసి నన్ను పిలిచాడు.

"దానికి బర్రెలంటే బుగులు, బిడ్డా. నువ్వు గట్ల గుంజితే నిజంగనే ఏదో ఉన్నదనుకుంటది."

అంత లొల్లి చేసేదానికి భయమేమిటని నవ్వాను. తాత వాదించలేదు. అంచుదాకా పాలు నింపిన చెంబు నా కుడిచేతిలో పెట్టి, తాడు ఎడమచేతికి ఇచ్చాడు. "ఒక్క చుక్క గూడ కింద పడొద్దు. నువ్వు పాల దిక్కే చూడు."

మమ్మల్ని గల్లీ చివర, బర్రెలు దూరంగా కనబడే చోట నడిపించాడు. పాలు తొణక్కూడదంటే గుంజడం కుదరదు కదా, తాడు దానంతటదే వదులైంది. మోతీ బర్రెల వైపు చూసింది, నా వైపు చూసింది, మొరగలేదు. తాత వెంటనే రొట్టె ముక్క వేశాడు. మొరిగినప్పుడు మాత్రం తిట్టకుండా నాలుగడుగులు వెనక్కి రమ్మనేవాడు. రోజుకు రెండిళ్ళ చొప్పున దగ్గరికి జరిగాం. శనివారానికి నా లంగా అంతా పాల వాసనే.

ఆదివారం పొద్దున నాన్న సైకిలు బయటికి తీసి నిలబడ్డాడు. ఈసారి చెంబు లేకుండా, మోతీని తీసుకుని బర్రెల పక్క నుంచి నడిచాను. సగం దారిలో ఒకటి తల విసిరింది. మోతీ గుర్రుమంది. నా వేళ్ళు బిగుసుకోబోయాయి. ఆపుకున్నాను. మెల్లగా ఊపిరి వదిలి రెండడుగులు వెనక్కి వేస్తే, అది నా ముఖంలోకి చూసి నాతోపాటే వచ్చింది. మళ్ళీ నడిచాం, దాటాం. నాన్న "సరే, ఉండనియ్" అని సైకిలు లోపల పెట్టాడు. నేను సంతోషం పట్టలేక ఏడ్చేశాను. మోతీ పదకొండేళ్ళు మాతోనే ఉంది.

ఈమధ్య యాకుత్‌పురా స్టేషన్‌లో రైలు కూతకు మా మనవరాలు కెవ్వుమంది. దాని చెయ్యి నేనెంత గట్టిగా పట్టుకున్నానో అప్పుడు చూసుకున్నాను. వేళ్ళు సడలించాను. భయపడకు అని చెప్పలేదు. దూరంగా ఒక బెంచీ మీద ఒళ్ళో కూర్చోబెట్టుకుని రైళ్ళు చూపించాను. మూడో రైలుకు అది నా ఒళ్ళోంచి దిగి, చెయ్యి ఊపింది.