వచ్చే కోత మాటలు

దయ్యాలను నేను నమ్మను. ఇది పొగరుతో అంటున్న మాట కాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా హైస్కూల్లో తెలుగు చెబుతున్నాను. అన్నేళ్లు స్టాఫ్ మీటింగుల్లో కూర్చున్నవాడికి దయ్యాల గురించి భయపడే తీరిక ఎక్కడిది? రోజూ శ్మశానం పక్కనుంచే స్కూటర్ మీద బడికి వెళ్తాను. అక్కడ ఎవరూ నన్ను ఆపలేదు. నా స్కూటర్ మోతకి అక్కడున్నవాళ్లు కూడా లేచి పక్క ఊరికి మారిపోయి ఉంటారు.

ఇంకొకటి కూడా ముందే ఒప్పుకోవాలి. నాకు గోరంతను కొండంత చేసే అలవాటుంది. పర్చూరు దగ్గర మా ఊళ్లో నా మాటను పదితో భాగించి వింటారు. పది అడుగుల పాము కనబడిందని నేనంటే, జనం వానపాము కోసం వెతుకుతారు. ఇందులోనూ మిరపకాయల గురించి, నా గురించి చెప్పినవి మీరు భాగించుకోండి. మాటల జాబితాలను మాత్రం భాగించకండి. అవి ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

మా అక్క రాజ్యమ్మ నాకన్నా పదిహేడేళ్లు పెద్ద. బావ పోయినప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంది. మిరపకాయలకు తొడిమలు తీసే ఆడవాళ్ల ముఠాకి నలభై ఏళ్లు మేస్త్రిగా చేసింది. లారీడు ఎర్రకాయల్లో రంగు పోయిన తాలుకాయ ఒక్కటున్నా వీధి చివర నుంచే పట్టేసేది. జ్ఞాపకమంటారా, ఏ ఇంటి గేదె ఎవరి పత్తిచేలో పడిందో ఆ గేదె మనవరాలు ఎదురుపడినప్పుడు కూడా దెప్పేది.

మా అమ్మ చివరి రెండేళ్లూ మమ్మల్ని "మీరెవరి పిల్లలు నాయనా" అని అడుగుతూనే పోయింది. అక్కకి ఉన్న భయమల్లా అదే. నాకూ అదే. కాకపోతే నేను జోకులేసి దాచుకుంటాను.

కిందటేడు మాఘమాసంలో అక్క ఖాళీ గిన్నె స్టవ్ మీద పెట్టి, పాలు పొంగుతాయని దాని ముందే కూర్చుంది. గిన్నె నల్లగా మాడిపోయాక లేచి వచ్చింది.

"ఒరేయ్ సూరీ, అమ్మకు మొదలైనట్టే నాకూ మొదలైంది. నీ పేరు మర్చిపోయేలోపు ఎవరికన్నా చూపించరా."

"మర్చిపోతే పోనీలే అక్కా. ఆ పేరుతో నేను మాత్రం ఏం ఊడబొడిచాను?"

ఆవిడ నవ్వలేదు.

జ్ఞాపకశక్తి పరీక్ష ఇప్పుడు ఫోన్లోనే చేస్తున్నారు. హైదరాబాదులో ఉన్న డాక్టరమ్మ ఒకావిడ మూడు నెలలకోసారి, మొత్తం మూడుసార్లు వీడియోలో చూసి, మతిమరుపు ఎంత వేగంగా ముదురుతోందో చెబుతానంది. మా ఇంట్లో సిగ్నల్ డాబా మీదే అందుతుంది. అప్పుడు డాబా నిండా మిరపకాయలు ఎండుతున్నాయి. వాటి నడుమ అక్కకి కుర్చీ వేసి, పిట్టగోడ మీద ఇటుకకి ఫోను ఆనించాను. గాలి మళ్లినప్పుడల్లా ఘాటుకి ఇద్దరికీ కళ్లలో నీళ్లు ధారగా కారాయి. డాక్టరమ్మ పాపం, "ఏడవకండి సర్, ఇంకా మొదలుపెట్టలేదు" అని ఓదార్చింది.

ఆమె అయిదు మాటలు చెప్పింది. చెయ్యి, గొడుగు, బడి, గులాబి, నీలం. అక్క చేత రెండుసార్లు అనిపించింది. తర్వాత గడియారం బొమ్మ వేయమంది, వందలోంచి ఏడేసి తగ్గించుకుంటూ రమ్మంది. అయిదు నిమిషాలయ్యాక, "అమ్మగారూ, ఇందాకటి అయిదు మాటలు చెప్పండి" అంది.

అక్క వేళ్లు ఒళ్లో లేని కాయలకి తొడిమలు తీస్తున్నాయి. తడుముకోకుండా చెప్పింది.

"రైలు, ఉప్పు, నెమలి, భుజం, తెలుపు."

"అవి కాదండీ. నేను చెప్పినవి."

"నువ్వు చెప్పినవి అయిపోయిన కోత తల్లీ. ఇవి వచ్చే కోతవి."

మిరపచేలో కాయ అంతా ఒక్కసారే కోయరని, పండినకొద్దీ రెండో కోత, మూడో కోత ఉంటాయని డాక్టరమ్మకు నేను వివరించాను. ఆమె ఓపిగ్గా విని, అయిదుకి సున్నా వేసింది.

అక్క అన్న మాటల్ని నా పాత హాజరుపట్టీ వెనక పేజీలో రాసుకున్నాను, ఎవరికైనా చెప్పి నవ్వించవచ్చని. కింద తేదీ వేశాను. అది మేస్టర్ల జబ్బు.

రెండో పరీక్ష వైశాఖంలో వచ్చింది. అప్పటికి అక్క అన్నం తిని, చెయ్యి కడుక్కుని, మళ్లీ కంచం ముందు కూర్చుంటోంది. ఇంకో సున్నా వస్తే తట్టుకోలేదని నాకు భయం. ఆ భయంలో ఒక వెధవపని చేశాను. ఇరవై తొమ్మిదేళ్లుగా పదో తరగతి పిల్లల చొక్కా చేతుల్లోంచి, జామెట్రీ పెట్టెల్లోంచి, ఒకసారైతే దెబ్బే లేని కాలికి కట్టిన కట్టులోంచి స్లిప్పులు లాగినవాణ్ణి. అలాంటివాణ్ణి నేనే మా అక్కకి స్లిప్పు రాశాను. క్యాలెండరు కాగితం వెనక అరచేయంత అక్షరాలతో చెయ్యి, గొడుగు, బడి అంటూ అయిదూ రాసి, ఫోను వెనక పట్టుకుని నిలబడ్డాను. పాత ప్రశ్నపత్రమే మళ్లీ ఇస్తారనుకున్నాను. బళ్లో మేమిచ్చేది అదేగా.

డాక్టరమ్మ కొత్త మాటలు చదివింది.

"రైలు, ఉప్పు, నెమలి, భుజం, తెలుపు."

కాగితం నా చేతిలోంచి జారి మిరపకాయల మీద పడింది. పరుగున కిందకు దిగి హాజరుపట్టీ తెరిచాను. అవే మాటలు. వరస కూడా అదే.

తిరిగి మెట్లెక్కుతుంటే నాకు పిచ్చి ఆశ ఒకటి పుట్టింది. ఇవి అక్క మాటలే కదా, ఈసారి అయిదుకి అయిదూ వస్తాయని. డాక్టరమ్మ అడిగింది. అక్క ప్రశాంతంగా జవాబిచ్చింది.

"కిటికీ, జొన్న, ఏనుగు, చెవి, పసుపు."

"రైలు అక్కా, రైలు" అన్నాను ఆగలేక.

"సర్, మీరు అందించకూడదు."

జన్మలో మొదటిసారి కాపీ కేసులో దొరికిపోయాను. సిగ్గు విడిచి హాజరుపట్టీ ఫోను ముందు పెట్టి జరిగినదంతా చెప్పాను.

"ఆ పేజీ మీరు ఎప్పుడు రాశారో నాకెలా తెలుస్తుంది సర్?"

"పోయినసారి ఆవిడ అన్నవి మీ దగ్గర ఉంటాయిగా. చూడండి."

"తప్పు మాటలు రాసుకోమండీ. ఎన్ని తప్పులో అంతవరకే."

తాలుకాయలకీ మా ఊళ్లో జరిగేది అంతే. ఏరి అవతల పారేస్తారు, ఏ చేనివని ఎవరూ అడగరు.

తర్వాత మూడు నెలలూ అక్కకి పొద్దునా సాయంత్రం కిటికీ, జొన్న, ఏనుగు, చెవి, పసుపు అని వల్లె వేయించాను. చెప్పమన్నప్పుడు చిలకలా అనేది. మరి కాసేపటికి నా భార్య శారదని "అమ్మా" అని పిలిచేది.

శ్రావణంలో మూడో పరీక్ష. శారద కూడా డాబా మీదకు వచ్చింది. డాక్టరమ్మ "కిటికీ, జొన్న" అని మొదలుపెట్టగానే శారద పిట్టగోడ పట్టుకుంది. నాకు ఆశ్చర్యం కలగలేదు. అలా కలగకపోవడానికే ఎక్కువ భయపడ్డాను.

అయిదు నిమిషాలయ్యాయి. అక్క ఫోను వైపు చూడలేదు. నా వైపే చూస్తూ చెప్పింది.

"దువ్వెన, చెరకు, బావి, కాకి..."

ఆగింది. ఒళ్లో వేళ్లు కూడా ఆగాయి.

"అయిదోది కూడా చెప్పండమ్మా" అంది డాక్టరమ్మ.

"అయిదోది నాది కాదు. ఆయన్నడుగు."

"ఆయనెవరండీ?"

అక్క నన్ను చాలాసేపు చూసింది. ఎవరింట్లోనో చూసిన మనిషిని పోల్చుకోవాలన్నట్టు, మర్యాదగా చూసింది.

"మేస్టారులా ఉన్నాడు. ఎవరి పిల్లాడో పాపం."

మూడు పరీక్షలు, మూడు సున్నాలు. మూడు నెలల ముందే జవాబు చెప్పిన మనిషికి పడిన మార్కులవి. ఇక పరీక్షలు అక్కర్లేదని రిపోర్టు వచ్చింది. ఆ తర్వాత నా పేరు అక్క నోట రాలేదు. కొత్త కాయ కల్లానికి చేరకముందే ఆవిడ పోయింది.

ఈ ఏడు మాఘంలో, ఇరవై తొమ్మిదేళ్లుగా చెబుతున్న పద్యం ఒకటి క్లాసులో రెండో పాదం దగ్గర ఆగిపోయింది. పిల్లలు అందించారు. ఇంటికొచ్చి దాన్నో జోకుగా చెబితే శారద నవ్వకుండా ఫోన్లో పరీక్షకి పేరు రాయించింది. ఈసారి వేరే ఆసుపత్రి, గుంటూరు డాక్టరు, మగాయన. అక్క సంగతి ఆయనకి ఒక్క ముక్క చెప్పలేదు. అదే డాబా, అదే ఇటుక, కాయలు మాత్రం ఈ ఏటివి. శారద నా పక్కనే కూర్చుంది.

"మాస్టారూ, అయిదు మాటలు చెబుతాను, గుర్తుపెట్టుకోండి" అన్నాడాయన. "దువ్వెన, చెరకు, బావి, కాకి." ఆపైన అయిదోది చెప్పాడు. అయిదూ రెండుసార్లు అప్పజెప్పాను. గడియారం వేశాను. ఏడులు తగ్గించాను.

"ఇప్పుడు చెప్పండి."

"దువ్వెన, చెరకు, బావి, కాకి" అన్నాను.

అయిదోది రాలేదు. రంగో, పండో, మనిషి ఒంట్లో భాగమో, ఆ జాడ కూడా లేదు.

"అయిదుకి నాలుగు. మీ వయసుకి బాగానే ఉందండి" అన్నాడు. శారద గట్టిగా ఊపిరి వదిలింది.

ఆ నాలుగూ నేను గుర్తుపెట్టుకున్నవి కావని ఇద్దరికీ చెప్పలేదు. అవి అక్క ఇచ్చి వెళ్లినవి. నా వంతుకి ఉన్నది ఒక్కటే మాట, అది అయిదు నిమిషాలు కూడా నిలవలేదు.

ఇదంతా ఎలా జరిగిందో నాకు తెలియదు. కాకతాళీయమని లెక్కల మేస్టారన్నాడు. అంతలోనే ఎందుకో హాజరుపట్టీ ఇంకోసారి చూపించమని అడిగాడు. ఊళ్లో మిగతావాళ్లు ఎప్పట్లాగే పదితో భాగించుకున్నారు. హాజరుపట్టీలో అక్క చివరి నాలుగు మాటల కింద అయిదు అని అంకె వేసి ఉంది, దాని పక్కన ఖాళీ.

ఆ అయిదో మాట, పక్కనే కూర్చుని విన్న శారదకు తెలుసు. అడిగితే చెబుతుంది. రోజూ అడుగుదామనే దగ్గరకు వెళ్తాను. ముందుగా ఆ నాలుగూ లోపల వరసగా అనుకుని, అయిదోది వస్తుందేమోనని కాసేపు ఆగుతాను. "ఏం కావాలండీ" అంటుంది శారద. మంచినీళ్లు అంటాను.