ఒక్కసారి ఆగినా అమ్మేయాలి

దర్జీ కొట్టులో కుట్టుమిషను ఒక గోడకి, మోటార్‌సైకిలు ఇంకో గోడకి ఉంటాయి. కుట్టడం అయిపోయిన ప్యాంట్లు హ్యాండిల్‌కి వేలాడుతుంటాయి. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లు, "ఇది నడుస్తుందా, బట్టలారేసుకోడానికి పెట్టుకున్నావా?" అని అడుగుతారు. దర్జీ నోట్లోంచి గుండుసూదులు తీసి, "ముందు చేతులు పైకెత్తండి" అంటాడు.

ఆ బండి మెకానిక్కు మొహం చూసి ఏళ్లయింది. చొక్కా నమూనాలు గీసే అట్టనే కత్తిరించి ఇంజను అతుకుల్లోంచి నూనె కారకుండా గాస్కెట్ వేస్తాడు. క్లచ్ తీగకి మిషను నూనె. సీటు కవరు మిగిలిపోయిన కోటుగుడ్డలతో కుట్టాడు, ముందు బూడిదరంగు, వెనక నీలం. ఆ నీలం ముక్క భార్యది. పని తగ్గే రోజుల్లో కొట్టుకి తాళం వేసి, ఆవిణ్ణి ఎక్కించుకుని దూరాభారం పోతాడు. సముద్రం చూశారు. వానలో చిక్కుకుని బడి వరండాలో పడుకున్నారు.

పోయినేడు మాత్రం బండి మాటిమాటికీ మొరాయించింది. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని నెట్టింది. ఇంటికొచ్చాక ఒకే మాట అంది: "ఈసారి దారిలో ఒక్కసారి ఆగినా అమ్మేయాలి. నావి కాళ్లు, చక్రాలు కావు." దర్జీ తీరిక దొరికినప్పుడల్లా ఇంజను విప్పి, అరిగింది తీసి, పాతసామాన్ల కొట్లో ఏరుకొచ్చింది బిగించాడు. మొదటి కిక్కుకే అందుకునేలా చేశాడు.

ఈసారి కొండమీది చెరువుకి. బావమరిది కొత్త స్కూటరేసుకుని వెంటపడ్డాడు. "బండి పడుకుంటే అక్కని ఇంటికి తేవడానికి ఒకడుండాలిగా బావా!"

సగం కొండెక్కాక టీ కొట్టు దగ్గర ఆగారు. ఎక్కడ ఆగినా దర్జీ ముందు పెట్రోలు ట్యాపు కట్టేస్తాడు. కట్టకపోతే కార్బొరేటర్‌లోంచి చుక్కచుక్కగా కారుతుంది. కొత్తది కొనడం కన్నా ట్యాపు కట్టడం చవక.

"బావా, నీ పొగకి రైలనుకుని పిల్లలు చెయ్యూపుతున్నారు" అన్నాడు బావమరిది.

దర్జీకి ఒళ్లు మండింది. సగం టీ వదిలేసి, భార్య ఎక్కగానే కిక్కు కొట్టి దూసుకుపోయాడు. రెండు మలుపులు తిరిగారో లేదో, బండి దగ్గి, నీరసపడి, ఆగిపోయింది.

దర్జీ ప్లగ్గు విప్పాడు. నిప్పురవ్వ నీలంగా, నిక్షేపంగా వస్తోంది. కార్బొరేటర్ విప్పాడు. అద్దంలా ఉంది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. వెనకే వచ్చిన బావమరిది స్కూటరు మీద కాళ్లూపుకుంటూ, "కొనేవాణ్ణి నేను చూస్తాలే బావా" అన్నాడు.

గట్టు మీద కూర్చున్న ఆవిడ చీర దులుపుకుని లేచింది.

"ఏమండీ, ట్యాపు తిప్పారా?"

దర్జీ చెయ్యి టాంకు కిందికి పోయి అక్కడే ఆగిపోయింది. ట్యాపు కట్టేసే ఉంది, కార్బొరేటర్‌లో మిగిలిన కాస్త పెట్రోలుతోనే ఇంతదూరం వచ్చారు.

"మీరు వంగి ట్యాపు తిప్పినప్పుడల్లా మీ మోచెయ్యి నా మోకాలికి తగుల్తుంది. ఇందాక తగల్లేదు. మర్చిపోయారేమో అని అప్పుడే అనుకున్నా."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్పనిచ్చారా? వెనకాల పులి తరుముతున్నట్టు పోయారు."

బావమరిది చప్పట్లు కొట్టాడు. "ఎలాగైతేనేం, ఆగిందిగా అక్కా! అమ్మేయాల్సిందే."

ఆవిడ తమ్ముణ్ణి కిందికీ పైకీ చూసింది. "బండి ఎక్కడ ఆగిందిరా? ఆపింది మీ బావ. కావాలంటే ఆయన్ని అమ్ము. ఎవరు కొంటారో నేనూ చూస్తా."

దర్జీ విప్పినవన్నీ బిగించాడు. చేతులు నల్లగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. సీటెక్కాడు. ఆవిడ నీలం ముక్క మీద సర్దుకుని కూర్చుంది. అతను వంగి ట్యాపు తిప్పాడు, కావాలనే మోచెయ్యి కాస్త వెనక్కి పోనిచ్చాడు.

"తగిలిందా?"

"తగిలింది, తగిలింది. పదండి. వాడికి పొగ కూడా కనపడకూడదు."