తేతా కాటుక, నా చిరునవ్వు

ఆ రోజుల్లో నా దృష్టిలో నల్లటి పొడి ఏదైనా పళ్ళపొడే. ఆ సిద్ధాంతం 1999 జూన్ 12, శనివారం ఉదయం 6:40కి కూలిపోయింది. మిషిగన్‌లో ఎమ్మెస్ చదువుతూ, నేనూ మా గుంటూరు రూమ్మేటూ ఒక లెబనాన్ పెద్దావిడ ఇంటి కింది గదిలో అద్దెకుండేవాళ్ళం. ఆమె మనవరాలు పిలిచినట్టే మేమూ ఆమెను ‘తేతా’ అనేవాళ్ళం (అరబ్బీలో అమ్మమ్మ). స్నానాలగది అందరికీ ఒక్కటే. ఆ ఉదయం నా పేస్టు అయిపోయింది. అద్దం కింద ఇత్తడి బరిణెలో మెత్తటి నల్లపొడి కనిపించింది; పైగా లవంగం వాసన. మా అమ్మమ్మ బొగ్గుపొడి గుర్తొచ్చి, బరిణె అడుగు కనబడేదాకా చూపుడువేలితో శ్రద్ధగా తోముకున్నాను (శుభ్రత విషయంలో నేను రాజీపడేవాణ్ణి కాను).

బయటికొచ్చేసరికి తేతా హాల్లో దిండ్లు ఎత్తి వెతుకుతోంది. “నా కుహ్‌ల్! నా కుహ్‌ల్!” అంటే కాటుక. సాయంత్రం మనవరాలి పెళ్ళి. ఖర్జూర గింజలు మాడ్చి తాను నూరిన కాటుక ఆ కళ్ళకు పెట్టనిదే పెళ్ళికి రానని తేతా పట్టు. ఆమెను ఓదార్చుదామని నవ్వాను.

పెళ్ళికూతురు కెవ్వుమంది. “ఒరేయ్, నోరు మూయరా బాబూ!” అన్నాడు గుంటూరు. “ఎవిడెన్స్ మొత్తం పళ్ళ మీదే ఉంది!”

“డ్రైవ్ చేసుకెళ్ళి ఐలైనర్ తెస్తాను” అన్నాను. తేతా తల అడ్డంగా ఊపి, పెళ్ళికని తెచ్చిన ఖర్జూరాల పళ్ళెం నా ముందుకు తోసి, “కూల్! కూల్!” అంది. ఇంత జరిగినా నన్నే స్థిమితపడమంటున్నందుకు నా కళ్ళు చెమర్చాయి.

“కూల్ అంటే అరబ్బీలో తినమని!” అంది పెళ్ళికూతురు ఇంగ్లీషులో. “గింజలు కావాలి!”

“పళ్ళకి పూశావు, పళ్ళే తినమంటోంది” అన్నాడు గుంటూరు, ఒక్కటీ ముట్టకుండా. “సారీ మామా, నేను పేస్టుతోనే తోముకున్నా.”

మధ్యాహ్నం దాకా తిన్నాను. గింజలు మాడాయి, పొగకు అలారం మోగింది, గుంటూరు చీపురుకర్రతో దాన్ని శాశ్వతంగా ఆపాడు. తేతా నూరి, పట్టుగుడ్డలో జల్లించి, సన్నటి పుల్లను పొడిలో ముంచింది. మూసిన రెప్పల మధ్య పుల్ల పెట్టి ఒక్కసారి పక్కకు లాగింది. మనవరాలు కళ్ళు తెరిచింది. తేతా చెప్పులు తొడుక్కుంది.

పోయినవి: బరిణెడు కాటుక, ఒక అలారం, ఖర్జూరాల మీద నా ఇష్టం. మిగిలింది: ఒక ఫొటో. అందులో తేతా ఉంది. పెళ్ళికూతురి కళ్ళూ, వెనక వరసలోని కుర్రవాడి చిగుళ్ళూ ఒకే నలుపు. నోరు మూసుకోమని అతనికి మళ్ళీ ఎవరూ చెప్పినట్టు లేదు, పాపం.