సబ్బుతో కడిగిన ఫోన్

మా నస్పూర్‌లో రాజ్‌కుమార్ ఫోన్ల దుకాణం ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉండేవారు. బేరానికి కాదు, తమాషాకు. బల్ల మీద గాజు గిన్నెలో నీళ్లు పోసి, పాట మోగుతున్న ఫోన్‌ను అందులో వదిలేవాడు. పాట ఆగేది కాదు. చూశారా అన్నట్టు కనుబొమలెగరేసేవాడు. నోరున్నవాడిదే రాజ్యం అంటారు కదా, ఆ నోటితోనే ఫోన్ల కంపెనీ డీలరు బోర్డు కూడా తెచ్చుకున్నాడు. పక్క గదిలో నా కుట్టుమిషన్. మా కాలనీ పిల్లగాడు పైకొచ్చాడని నేనూ మురిసినదాన్నే.

బుచ్చిరాములూ రాజ్‌కుమార్ తండ్రీ ఒకే గనిలో, ఒకే జట్టులో పనిచేశారు. ఆ తండ్రి చనిపోయాడు. ఇప్పుడు ఒంట్లో సత్తువ తగ్గి, బుచ్చిరాములుకు గని పైన లారీలకు బొగ్గు ఎత్తే చోట డ్యూటీ. కొడుకు సంపత్ దుబాయిలో ఉంటాడు. వాడి మొహం చూస్తూ మాట్లాడాలని పెద్ద ఫోన్ కొనడానికి వచ్చాడు. కొనేముందు ఒక్కటే అడిగాడు.

"బొగ్గు దుమ్ము పడ్తదిరా. సబ్బుతోటి కడగొచ్చునా?"

"బేఫికర్ కడుగు కాకా, ఏం కాదు."

సబ్బునీళ్లు తగలకూడదని డబ్బా మీద సన్నటి అక్షరాల్లో ఉంది. రాజ్‌కుమార్‌కు తెలుసు. బేరం చెడుతుందని చెప్పలేదు.

గని మనిషి డ్యూటీ దిగితే ముందు కుళాయి దగ్గరికే పోతాడు. టిఫిన్ డబ్బా, గడియారం, చెప్పులు, తను, అన్నిటికీ ఒకటే సబ్బు. ఫోన్ కూడా ఆ వరుసలో చేరింది. కొన్నాళ్లు బాగానే ఉంది. ఒకనాడు మాట్లాడుతుండగానే తెర మీద సంపత్ మొహం నల్లబడిపోయింది, ఫోన్ మళ్లీ వెలగలేదు.

కంపెనీ వాళ్లు విప్పి చూసి, లోపలికి నీళ్లు పోయాయి, గ్యారంటీ వర్తించదన్నారు. నీళ్లలో ముంచి అమ్మిన ఫోన్‌కు ఆ మాటేమిటని గని యూనియన్ వాళ్లు మండిపడి, కంపెనీ మీదా దుకాణం మీదా వినియోగదారుల కోర్టులో కేసు వేయించారు. రాజ్‌కుమారే సబ్బుతో కడగమన్నాడని తేలితే కంపెనీ బోర్డు పీకేస్తుంది. అందుకే కోర్టులో నిలబడి, తను అట్లా చెప్పనే లేదన్నాడు. బుచ్చిరాములు ఎదురుగానే ఉన్నాడు.

కంపెనీ వకీలు బుచ్చిరాములు వైపు తిరిగి, సబ్బుతో కడిగావా అని అడిగాడు. కడిగానని ఒప్పుకున్నాడు. ఎవరు కడగమన్నారు, ఈ దుకాణమతనేనా అని మళ్లీ అడిగాడు. బుచ్చిరాములు ఒకసారి రాజ్‌కుమార్‌ను చూశాడు.

"ఎవ్వలు చెప్పలే సారూ. నేనే కడిగిన."

కేసు కొట్టేశారు.

బయట ఇద్దరే మిగిలినప్పుడు, ఎందుకట్లా చెప్పావని రాజ్‌కుమార్ అడిగాడు.

"గనిల ఏం తప్పయినా పక్కోని పేరు సార్లకు చెప్పం. మీ బాపు నా పేరు ఎన్నడు చెప్పలే. నీ పేరు నేనెట్ల చెప్తరా?"

చెంప మీద కొట్టినా ఇంత సిగ్గయ్యేది కాదని రాజ్‌కుమార్ తర్వాత నాతో అన్నాడు. కొట్టాల్సిందే అన్నాను నేను. ఆ కోపంతో కొన్నాళ్లు వాడితో మాట్లాడలేదు కూడా. వాడు కొత్త ఫోన్ పట్టుకుని బుచ్చిరాములు ఇంటికి పోతే ఆయన తీసుకోలేదట. ఇప్పుడు తీసుకుంటే తప్పు నీదేనని ఊరంతా అనుకుంటుంది, దుకాణానికి మచ్చ, వద్దు పొమ్మన్నాడట.

గాజు గిన్నె ఇప్పుడు బల్ల మీద లేదు. సాయంత్రం బుచ్చిరాములు డ్యూటీ దిగి, కడుక్కుని, కొడుకుతో మాట్లాడడానికి ఆ దుకాణానికే వస్తాడు. రాజ్‌కుమార్ తన ఫోన్‌లో కలిపిస్తాడు. నీ ఫోనేమైంది బాపూ అని మొన్న సంపత్ అడగడం నాకూ వినిపించింది.

"నా చేతిలకెంచి జారి నీళ్లల్ల పడ్డది బిడ్డా. రాజ్‌కుమార్ మంచోడు, రోజు తన ఫోనిస్తుండు."

రాజ్‌కుమార్ ఏదో వెతుకుతున్నట్టు బల్ల కిందికి వంగాడు. ఫోన్ బల్ల మీద పెట్టి బుచ్చిరాములు వెళ్లిపోయేదాకా పైకి లేవలేదు.