మేకుతో చెక్కిన ఆట నియమాలు

తడిగుడ్డతో పలకను తుడిచినప్పుడు వచ్చే వాసన తొలకరి మట్టివాసనకు దగ్గరగా ఉంటుంది గానీ అది కాదు. అందులో కాస్త ఇనుము వాసన కూడా కలిసి ఉంటుంది. నా గదిలో గోడకు ఆనించిన, చట్రం లేని పెద్ద పలకను ప్రతి నెలా ఒకటో తేదీన తుడుస్తాను. తుడిచినప్పుడల్లా మార్కాపురంలో మా ఇంటి వసారా, అందులో చాప మీద కాళ్ళు చాపుకుని పేకముక్కలు పంచే మా జేజి, అంటే నాయన తల్లి, కళ్ళముందుకు వస్తారు.

అప్పుడు మాది మద్రాసు ప్రెసిడెన్సీలో కర్నూలు జిల్లా. నాయన పలకలు కోసేవాడు. అంచు విరిగి అమ్మకానికి పనికిరాని ఈ పలకను ఇంటికి తెచ్చి, మా మూడు ముక్కలాట నియమాలకు కేటాయించాడు. వేసవి మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా కదలని ఎండలో, తలుపుకు తడి గోనెపట్టా వేలాడదీసి, వేయించిన వేరుశనగకాయలు ఒలుచుకుంటూ, ఉల్లిగడ్డ తరిగి వేసిన మజ్జిగ తాగుతూ ఆడేవాళ్ళం. పందెం డబ్బు కాదు. సీతాఫలాల కాలంలో కడిగి ఎండబెట్టి దాచుకున్న నల్లటి గింజలు.

మా ఇంట్లో కొత్త నియమాన్ని ముందు బలపంతో రాసేవారు. ఒక వేసవంతా దాని మీద తగాదా రాకపోతేనే నాయన ఇనుపమేకుతో చెక్కేవాడు. ముక్కలు పంచడం అయ్యేదాకా ఎవరూ తాకరాదు, వేసిన గింజ వెనక్కి తీయరాదు, ఓడినవారు అలగరాదు: ఇవన్నీ చెక్కినవే. చివరిది మా అన్న కోసం పుట్టిన నియమం. వాడు ఓడిన ప్రతిసారీ అరిచి అలిగేవాడు.

నా తొమ్మిదో ఏట ఒక ఆదివారం, గెలిచినవారిని మర్నాడు రైల్లో గిద్దలూరు తీసుకుపోతానన్నాడు నాయన. అన్న అప్పటికే వెళ్ళివచ్చాడు. నేను రైలు కూత విన్నానే గానీ రైలెక్కలేదు. చివరి ఆటకు అన్నా, నేనూ ఉన్న గింజలన్నీ వేసి ముక్కలు తిప్పాం. నావి ఆసు, రెండు, మూడు. వాడివి ఆసు, రాజు, రాణి. రెండూ వరసలే. ఏది పెద్దదో పలక చూద్దామంటే, బలపంతో రాసిన ఆ నియమం మీద జేజి అప్పటికే మజ్జిగ చెంబు పెట్టేసింది. చెంబు ఎత్తితే తడి గుండ్రం తప్ప అక్షరం లేదు.

"రాజూ రాణీదే పెద్దది. నాకు తెలుసు," అన్నాడు అన్న.

"నీకు తెలియంది ఏముందిలే రా. నిన్న కూడా ఇట్లనే అరిచినావు," అంది జేజి. "మా పుట్టింట్లో ఒకటీ రెండూ మూడే పెద్దది. ఏమ్మీ, నీకేమన్నా గుర్తుందా?"

నాయన కూడా నా వైపే చూశాడు. అన్న మొహం అప్పటికే వాడిపోయింది. ఆ నియమం రాసినరోజు నేను పక్కనే ఉన్నాను. నాకు మంచితనం పొంగిందని కాదు. ఉన్న నియమాన్ని లేదనడం నాకు చేతకాదు.

"అన్న చెప్పినట్టే రాసినారు జేజీ. నాది రెండోది," అన్నాను.

జేజి నన్ను చూసి, "ఏమిరా, ఇంక దీన్ని బలపంతో రాసేదేంది," అంది నాయనతో. నాయన మేకు తెచ్చి నా చేతికి ఇచ్చాడు. అంతవరకు ఆ పలక మీద పిల్లలెవరూ చెక్కలేదు. అన్న జారకుండా పలకను రెండు చేతులా పట్టుకున్నాడు.

మర్నాడు వాడు గిద్దలూరు వెళ్ళాడు, ఆ వేసవిలోనే నేనూ వెళ్ళాను. ఇప్పుడు జేజి లేదు, నాయన లేడు, అన్నా లేడు, మా జిల్లా పేరు కూడా మారింది. బలపంతో రాసినవన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. తుడిచినప్పుడల్లా గుడ్డ అంచు ఒకచోట మరీ గరగరా తగులుతుంది: ఆసు, రాజు, రాణి పెద్ద వరస. రాణి కింద గీత కాస్త వంకర పోయింది. అన్న చేయి అక్కడ కదిలింది.